బూటబుల్ పెన్‌డ్రైవ్ తయారీ: సూత్రం, క్రమం, తెలుగు పరిశోధకులు పాటించవలసిన జాగ్రత్తలు

వ్యాస సంగ్రహం

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ ఇస్తూ వచ్చిన సాధారణ భద్రతా నవీకరణల గడువు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. పాత కంప్యూటర్లతో పనిచేస్తున్న అధ్యాపకులకు, పరిశోధకులకు కొత్త ఆపరేటింగ్ సిస్టంను స్థాపించుకోవలసిన అవసరం దీనితో ఏర్పడింది. ఆ పనికి మొదటి సాధనం బూటబుల్ పెన్‌డ్రైవ్. అది పనిచేసే తీరును, తయారుచేసే క్రమాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. సేకరించిన ఇమేజ్ ఫైల్ ప్రామాణికతను నిర్ధారించుకోవడం, డిస్కును తుడిచివేసే ముందు తెలుగు ఫైళ్లను కాపాడుకోవడం అనే రెండు అంశాలను ప్రత్యేకంగా చర్చిస్తుంది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల పరిశోధకుల అవసరాలను దృష్టిలో ఉంచుకొని ఈ చర్చ సాగింది.

కీలక పదాలు: బూటబుల్ పెన్‌డ్రైవ్, ఐఎస్ఓ ఇమేజ్, యూఈఎఫ్ఐ, హ్యాష్ విలువ, డెబియన్, యూనికోడ్, తెలుగు ఫాంట్లు, పరిశోధన సామగ్రి రక్షణ

1. ఉపోద్ఘాతం

2016 అక్టోబర్ 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లా కేంద్రాలయ్యాయి. ఈ ప్రాంతంలోని డిగ్రీ కళాశాలలు 1976లో ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయ పరిధిలోనివి. ఇక్కడ పనిచేస్తూ, ఇక్కడి నుండే పరిశోధన సాగించేవారికి సొంత లాప్‌టాప్ గ్రంథాలయం కూడా, రాతబల్ల కూడా. సిద్ధాంత గ్రంథపు అధ్యాయాలు, శాసనాల ఛాయాచిత్రాలు, క్షేత్ర పర్యటనలో సేకరించిన లంబాడీ, కోయ వ్యవహర్తల గొంతులు అన్నీ ఆ ఒక్క యంత్రంలోనే ఉంటాయి.

యంత్రం నెమ్మదించినా, మొరాయించినా మన వాడుకలో వినిపించే మాట ‘ఫార్మాట్ కొట్టించడం’. అంటే యంత్రాన్ని దుకాణంలో ఇచ్చి, అందులో ఉన్నదంతా తుడిపించి, మళ్లీ విండోస్ వేయించుకోవడం. ఈ పద్ధతిలో మూడు విషయాలు యజమాని చేతిలో ఉండవు. వేసిన విండోస్ ఎక్కడి నుండి వచ్చిందో తెలియదు. ఏ ఫైళ్లు మిగిలాయో, ఏవి పోయాయో ముందుగా తెలియదు. తెలుగు ఫాంట్లు, కీబోర్డు మళ్లీ యథాస్థితికి వస్తాయో లేదో కూడా తెలియదు. ముద్రిత గ్రంథం పోతే మరో ప్రతి దొరకవచ్చు. కానీ వ్యవహర్త మరణించిన తరువాత ఆయన పాడిన పాట ధ్వనిముద్రణ పోతే దానికి మరో ప్రతి లేదు. కనుక ఈ పని సాంకేతిక నిపుణులకే పరిమితమైన విషయం కాదు. పరిశోధన సామగ్రిని కాపాడుకోవడంలో ఇదీ ఒక భాగమే.

విండోస్ 10 వాడే వ్యక్తిగత వినియోగదారులు నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 వరకు భద్రతా నవీకరణలు పొందే ఏర్పాటును మైక్రోసాఫ్ట్ కల్పించింది. అది తాత్కాలిక ఉపశమనం మాత్రమే. ఆ వ్యవధిలో తగిన సన్నాహం చేసుకోవడం మంచిది.

2. ‘బూట్’ ప్రక్రియ స్వరూపం

కంప్యూటర్ ఏ పని చేయాలన్నా దానికి ఒక ప్రోగ్రాం కావాలి. డిస్కులో ఉన్న ప్రోగ్రాంను జ్ఞాపకశక్తిలోకి తేవడానికి కూడా మరో ప్రోగ్రాం కావాలి. చెట్టు ముందా విత్తు ముందా అన్న ఈ చిక్కుకు పరిష్కారంగా తయారీదారులు మదర్‌బోర్డు మీది చిప్‌లో ఒక చిన్న ప్రోగ్రాంను శాశ్వతంగా నిలిపి ఉంచుతారు. దీనినే ఫర్మ్‌వేర్ అంటారు. బూట్ల పట్టీలు పట్టుకొని తనను తానే పైకి లేపుకోవడం అనే ఆంగ్ల పలుకుబడి నుండి ‘బూట్’ అనే పేరు వచ్చింది.

మీట నొక్కగానే మొదట మేలుకొనేది ఫర్మ్‌వేర్. అది జ్ఞాపకశక్తిని, కీబోర్డును, తెరను, డిస్కులను సరిచూసుకొని, తనకు నిర్దేశించిన వరుసలో ఒక్కొక్క పరికరంలో బూట్ సమాచారం ఉందేమో వెతుకుతుంది. ఈ వెతుకులాటలో రెండు సంప్రదాయాలున్నాయి.

మొదటిది పాత బయోస్ పద్ధతి. ఇందులో ఫర్మ్‌వేర్ డిస్కులోని మొట్టమొదటి 512 బైట్లను మాత్రమే చదువుతుంది. దీనికి మాస్టర్ బూట్ రికార్డు అని పేరు. ఇందులో 446 బైట్లు ప్రారంభ సంకేతానికి, 64 బైట్లు విభాగాల పట్టికకు, చివరి 2 బైట్లు ఇది బూట్ చేయదగిన డిస్కు అని తెలిపే గుర్తుకు కేటాయించారు. ఫైళ్ల పేర్లు, ఫోల్డర్లు బయోస్‌కు తెలియవు.

రెండవది యూఈఎఫ్ఐ పద్ధతి. నేటి యంత్రాలన్నీ దాదాపు దీనినే అనుసరిస్తున్నాయి. ఇది ఫ్యాట్32 పద్ధతిలో అమర్చిన విభాగాన్ని తెరిచి, అందులో ‘ఈఎఫ్ఐ’ ఫోల్డరు, దాని లోపల ‘బూట్’ ఫోల్డరు, అందులో నియత నామం గల ప్రారంభ ఫైలు ఉన్నాయేమో చూస్తుంది. దొరికితే దానిని నడుపుతుంది. ఆ ప్రారంభ ఫైలు కెర్నెల్‌ను, కెర్నెల్ స్థాపక ప్రోగ్రాంను వరుసగా మేల్కొలుపుతాయి.

పెన్‌డ్రైవ్ ‘బూటబుల్’ కావడం అంటే ఇంతే. ఫర్మ్‌వేర్ ఎక్కడ వెతుకుతుందో అక్కడ, అది గుర్తించగల రూపంలో, ప్రారంభ సమాచారం ఉండాలి. పెన్‌డ్రైవ్‌లో ప్రత్యేకమైన భాగమేదీ ఉండదు. బజారులో దొరికే మామూలు పెన్‌డ్రైవే సరిపోతుంది.

3. ఐఎస్ఓ ఫైలును కాపీ చేస్తే ఎందుకు చాలదు?

ఆపరేటింగ్ సిస్టంలు ‘ఐఎస్ఓ’ అనే రూపంలో లభిస్తాయి. సీడీలలో ఫైళ్లను అమర్చే విధానాన్ని నిర్దేశించిన ఐఎస్ఓ 9660 ప్రమాణం నుండి ఈ పేరు వచ్చింది. ఒక డిస్కు మొత్తాన్ని, దానిలోని అమరికతో సహా, ఒకే ఫైలుగా భద్రపరచిన రూపమిది. సీడీ నుండి కంప్యూటర్‌ను ప్రారంభించే విధానాన్ని 1995లో ఫీనిక్స్, ఐబీఎం సంస్థలు ‘ఎల్ టొరిటో’ అనే పేరుతో నిర్దేశించాయి.

కొత్తగా ప్రయత్నించేవారు తరచుగా ఐఎస్ఓ ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి మామూలుగా కాపీ చేస్తారు. ఫర్మ్‌వేర్ దృష్టిలో అది ఫొటో వంటిదో, పాట వంటిదో అయిన మరొక ఫైలు మాత్రమే. పెట్టెను గదిలో పెట్టినంత మాత్రాన పెట్టెలోని వస్తువులు గదిలో అమరినట్లు కాదు. పెట్టెను విప్పి, ఏ వస్తువు ఎక్కడ ఉండాలో అక్కడ అమర్చాలి. బూటబుల్ పెన్‌డ్రైవ్ తయారుచేసే సాఫ్ట్‌వేర్ చేసే పని అదే.

ఈ అమరికకు మూడు మార్గాలున్నాయి.

(అ) యథాతథ లేఖనం: ఐఎస్ఓలోని ప్రతి బైటును అదే క్రమంలో పెన్‌డ్రైవ్ మొదటి బైటు నుండి రాయడం. యూనిక్స్ సంప్రదాయంలోని ‘డీడీ’ ఆదేశం, ‘బలేనా ఎచర్’ సాఫ్ట్‌వేర్ ఈ పని చేస్తాయి. డెబియన్, ఉబుంటు వంటి లినక్స్ ఇమేజ్‌లు సీడీకి, పెన్‌డ్రైవ్‌కు రెండింటికీ పనికివచ్చే సంకర రూపంలో తయారవుతాయి కాబట్టి వాటికి ఈ మార్గం సరిపోతుంది.

(ఆ) విప్పి అమర్చడం: పెన్‌డ్రైవ్‌ను కొత్తగా విభజించి, ఐఎస్ఓలోని ఫైళ్లను విడదీసి అందులో ఉంచడం. విండోస్‌లో నడిచే ‘రూఫస్’ ఈ పనికి ప్రసిద్ధం. విండోస్ ఇమేజ్‌లకు ఈ మార్గం అవసరం. ఇందులో ఒక చిక్కు ఉంది. ఫ్యాట్32 పద్ధతిలో ఏ ఒక్క ఫైలూ 4 జీబీలకు మించరాదు. విండోస్ స్థాపక ఫైలు ఆ పరిమితిని దాటడం పరిపాటి. రూఫస్ ఫైళ్లను ఎన్‌టీఎఫ్‌ఎస్ విభాగంలో ఉంచి, దానిని తెరవగల చిన్న సహాయక విభాగాన్ని పక్కన చేర్చి ఈ చిక్కును తొలగిస్తుంది. మైక్రోసాఫ్ట్ వారి ‘మీడియా క్రియేషన్ టూల్’ స్థాపక ఫైలును మరింత కుదించిన రూపంలో అందిస్తుంది.

(ఇ) మధ్యవర్తి పద్ధతి: ‘వెంటాయ్’ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను పెన్‌డ్రైవ్‌లో ఒకసారి స్థాపిస్తే, ఆ తరువాత ఐఎస్ఓ ఫైళ్లను మామూలుగా కాపీ చేస్తే చాలు. ప్రారంభ సమయంలో అది జాబితాను చూపి, ఎంచుకున్న ఇమేజ్‌ను తెరుస్తుంది. ఒకే పెన్‌డ్రైవ్‌లో పలు ఆపరేటింగ్ సిస్టంలు ఉంచుకోవచ్చు కనుక కళాశాల ప్రయోగశాలకు ఇది అనుకూలం.

4. ఏ ఆపరేటింగ్ సిస్టం?

విండోస్ 11కు 64 బిట్ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్కు స్థలం, సెక్యూర్ బూట్ చేయగల యూఈఎఫ్ఐ, టీపీఎం 2.0 అనే భద్రతా సాధనం కావాలి. ఇంటెల్ ప్రాసెసర్లలో స్వల్ప మినహాయింపులతో 8వ తరం మొదలుకొని మాత్రమే అధికారిక మద్దతు ఉంది. అంటే చక్కగా పనిచేస్తున్న 2017 నాటి లాప్‌టాప్ కూడా చాలా సందర్భాలలో ఈ గీతకు అవతలే నిలుస్తుంది. ఈ తనిఖీలను దాటవేసే వీలు రూఫస్‌లో ఉంది. అయితే అటువంటి యంత్రాలకు నవీకరణలు అందుతాయన్న హామీని మైక్రోసాఫ్ట్ ఇవ్వడం లేదు.

రెండవ మార్గం లినక్స్. 1993లో మొదలైన డెబియన్ ప్రాజెక్టు తెలుగువారికి ప్రత్యేకంగా చెప్పుకోదగినది. 2011 ఫిబ్రవరిలో విడుదలైన డెబియన్ 6.0లో గ్రాఫికల్ స్థాపకానికి తెలుగు చేరింది. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ రూపొందించిన తెలుగు ఆపరేటింగ్ సిస్టం, సీ-డ్యాక్ రూపొందించిన ‘బాస్’ కూడా డెబియన్ పునాది మీద నిలిచినవే. 2025 ఆగస్టు 9న డెబియన్ 13 విడుదలైంది. దీనిలో 32 బిట్ యంత్రాలకు స్థాపకం లేదు. మరీ పాత యంత్రాలున్నవారు ఈ విషయం ముందే గమనించాలి.

డెబియన్‌లో ‘పోతన 2000’, ‘వేమన 2000’ ఫాంట్లు ఒకే ప్యాకేజీగా లభిస్తాయి. తిరుమల కృష్ణ దేశికాచార్యులు వీటిని రూపొందించి ఉచితంగా అందించారు. పోతన స్వగ్రామంగా ప్రసిద్ధమైన బమ్మెర నేటి జనగామ జిల్లా పాలకుర్తి మండలంలో ఉంది. ఆ కవి పేరుతో వెలసిన లిపి ప్రపంచంలో ఎక్కడ డెబియన్ వాడినా అందుబాటులో ఉంటుందన్నది ఈ ప్రాంత పాఠకులు గుర్తుంచుకోదగిన విషయం.

అయినా లినక్స్ అందరికీ సరిపోతుందని చెప్పలేం. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పనిచేసే ప్రచురణకర్తతో నిత్యం వ్యవహరించేవారికి విండోస్ అవసరం కొనసాగుతుంది. యూనికోడ్‌లో రాసి, పీడీఎఫ్ రూపంలో సమర్పించేవారికి లినక్స్‌లో లోటు ఉండదు. ఎంపిక యంత్రం శక్తిని బట్టి, చేసే పనిని బట్టి జరగాలి.

5. ఇమేజ్ ఫైల్ ప్రామాణికత

విండోస్ 11 ఇమేజ్ పరిమాణం 5 జీబీలకు పైమాటే. డెబియన్ నెట్ స్థాపక ఇమేజ్ 1 జీబీ లోపే ఉంటుంది కానీ, స్థాపన సమయంలో మిగతా భాగాలకు అంతర్జాలం కావాలి. డెబియన్ డీవీడీ ఇమేజ్ 4 జీబీల దరిదాపుల్లో ఉండి, అంతర్జాలం లేకుండానే మూల వ్యవస్థను స్థాపించగలదు. రోజుకు ఒకటిన్నర, రెండు జీబీల పరిమితి గల మొబైల్ డేటా మీద ఆధారపడినవారికి ఈ అంకెలు చిన్నవి కావు. కనుక మిత్రుల నుండి, ప్రయోగశాల నుండి, దుకాణం నుండి ఇమేజ్‌ను పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోవడం సహజం. చేతులు మారిన ఆ ప్రతిని నమ్మడం ఎట్లా?

తాళపత్ర ప్రతులను పరిష్కరించేవారికి ఈ ప్రశ్న కొత్త కాదు. లేఖకుడు వదిలేసిన అక్షరం, చేర్చిన పాదం మరొక ప్రతితో పోల్చినప్పుడే బయటపడతాయి. డిజిటల్ ప్రతి విషయంలో ఈ పోలికను హ్యాష్ విలువ సులభం చేస్తుంది. ఎస్‌హెచ్‌ఏ-256 అనే గణిత పద్ధతి ఎంత పెద్ద ఫైలునైనా 64 అక్షరాంకాల వరుసగా సంగ్రహిస్తుంది. ఫైలులో ఒక్క బిట్ మారినా ఈ వరుస పూర్తిగా మారిపోతుంది. అధికారిక స్థలంలో ప్రకటించిన విలువతో మన ప్రతి విలువ సరిపోతే, ఆ ప్రతి ఎవరి చేతి నుండి వచ్చినా మూలంతో సమానమే. ఐదు జీబీల ఫైలును మళ్లీ దించుకోనక్కరలేదు. కొన్ని కిలోబైట్ల సమాచారం చూస్తే చాలు.

హ్యాష్‌ను లెక్కించడానికి రూఫస్‌లోనే మీట ఉంది. విండోస్ పవర్‌షెల్‌లో ‘గెట్-ఫైల్‌హ్యాష్’ ఆదేశం, లినక్స్‌లో ‘ఎస్‌హెచ్‌ఏ256సమ్’ ఆదేశం ఈ పని చేస్తాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. 2016 ఫిబ్రవరి 20న లినక్స్ మింట్ వెబ్‌సైటులోకి అక్రమంగా చొరబడినవారు, వాడుకరులను రహస్య ద్వారం అమర్చిన నకిలీ ఇమేజ్ వైపు మళ్లించారు. వెబ్‌సైటే పరాధీనమైనప్పుడు అందులో కనిపించే హ్యాష్‌ను కూడా మార్చివేయవచ్చు. అందుకే డెబియన్ వంటి ప్రాజెక్టులు హ్యాష్ జాబితాపై డిజిటల్ సంతకం చేస్తాయి. ఆ సంతకాన్ని కూడా సరిచూడడం ఉత్తమం. అది సాధ్యం కానప్పుడు హ్యాష్‌ను వేరొక యంత్రం నుండి, వేరొక అంతర్జాల మార్గంలో మళ్లీ చూసి పోల్చుకోవడం కొంత మేలు.

ఉచితంగా చలామణి అయ్యే ‘క్రాక్’ చేసిన విండోస్ ఇమేజ్‌లకు సరిపోల్చడానికి మూలం హ్యాష్ ఉండదు. వాటిని మార్చినవారు ఏమి మార్చారో తెలుసుకునే దారి లేదు. న్యాయపరమైన అభ్యంతరంతో పాటు ఇది కూడా వాటిని వర్జించడానికి బలమైన కారణం. అసలు విండోస్‌తో వచ్చిన యంత్రంలో డిజిటల్ లైసెన్సు ఆ యంత్రంతోనే ముడిపడి ఉంటుంది. అదే తరగతి విండోస్‌ను మళ్లీ స్థాపించి అంతర్జాలానికి కలిపితే అది సాధారణంగా తిరిగి చెల్లుబాటవుతుంది. కనుక చాలామందికి క్రాక్ అవసరమే ఉండదు.

6. పెన్‌డ్రైవ్ తయారీ క్రమం

6.1 *పెన్‌డ్రైవ్ ఎంపిక:* కనీసం 8 జీబీ, వీలైతే 16 జీబీ పెన్‌డ్రైవ్ తీసుకోవాలి. పైన 64 జీబీ అని రాసి ఉండి, లోపల అందులో కొంతే ఉన్న నకిలీ పెన్‌డ్రైవ్‌లు బజారులో ఉన్నాయి. వాటిలో రాసిన ఇమేజ్ సగంలో చెడిపోతుంది. రూఫస్‌లోని లోపాల తనిఖీ వీటిని గుర్తించగలదు.

6.2 *మిగతా డిస్కులను తొలగించడం:* ఈ పనిలో పెన్‌డ్రైవ్‌లోని పాత సమాచారమంతా తుడిచిపెట్టుకుపోతుంది. పెన్‌డ్రైవ్‌కు బదులు పక్కన తగిలించి ఉన్న హార్డ్‌డిస్కును ఎంచుకుంటే అందులోని సమాచారానికీ అదే గతి. ‘డీడీ’ ఆదేశం మళ్లీ అడగదు, హెచ్చరించదు. కనుక పని మొదలుపెట్టక ముందే బయటి హార్డ్‌డిస్కులు, ఇతర పెన్‌డ్రైవ్‌లు, మెమరీ కార్డులు అన్నీ తీసివేయాలి. తరువాత పరికరం పేరును, పరిమాణాన్ని రెండుసార్లు సరిచూడాలి.

6.3 *అమరికలు:* రూఫస్‌లో పరికరాన్ని, ఐఎస్ఓను ఎంచుకున్న తరువాత విభజన పద్ధతి అడుగుతుంది. యూఈఎఫ్ఐ యంత్రానికి జీపీటీ, పాత బయోస్ యంత్రానికి ఎంబీఆర్ ఎంచుకోవాలి. లినక్స్ ఇమేజ్‌ను ఐఎస్ఓ పద్ధతిలో రాయాలా, డీడీ పద్ధతిలో రాయాలా అని అడిగితే మొదటిది ప్రయత్నించి, పనిచేయనప్పుడు రెండవది చూడవచ్చు.

6.4 *ముగింపు:* రాయడం పూర్తయినట్లు చూపిన తరువాత పెన్‌డ్రైవ్‌ను ‘ఎజెక్ట్’ చేసే తీయాలి. తెర మీద పని అయిపోయినట్లు కనిపించినా కొంత సమాచారం ఇంకా జ్ఞాపకశక్తిలోనే ఉండవచ్చు.

యథాతథ పద్ధతిలో రాసిన పెన్‌డ్రైవ్‌ను విండోస్‌లో పెడితే కొన్ని మెగాబైట్ల విభాగమే కనిపించవచ్చు. ‘ఫార్మాట్ చేయాలా?’ అని కూడా అడగవచ్చు. పెన్‌డ్రైవ్ చెడిపోయిందని భావించనవసరం లేదు. లినక్స్ విభాగాలను విండోస్ గుర్తించలేకపోవడమే దీనికి కారణం. స్థాపన ముగిసిన తరువాత రూఫస్‌లో ‘నాన్ బూటబుల్’ ఎంచుకొని మళ్లీ ఫార్మాట్ చేస్తే పూర్తి పరిమాణం తిరిగి వస్తుంది.

7. ప్రారంభించి పరీక్షించడం

పెన్‌డ్రైవ్ పెట్టి, యంత్రం వెలిగిన వెంటనే బూట్ జాబితా మీటను నొక్కాలి. డెల్, లెనోవో, ఏసర్ యంత్రాలలో చాలావరకు అది ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఆసుస్ లాప్‌టాప్‌లలో ఎస్కేప్. విండోస్ నడుస్తూ ఉంటే షిఫ్ట్ మీటను నొక్కిపట్టి ‘రీస్టార్ట్’ ఎంచుకోవడం మరింత సులువైన మార్గం. ఆ తరువాత వచ్చే తెరలో పరికరాన్ని ఎంచుకోవచ్చు.

సెక్యూర్ బూట్ అనేది గుర్తింపు పొందిన సంతకం ఉన్న ప్రారంభ ఫైళ్లను మాత్రమే అనుమతించే ఏర్పాటు. డెబియన్ 10 నుండి దీనికి మద్దతు ఉంది. కనుక లినక్స్ కోసం దీనిని తప్పనిసరిగా ఆపివేయాలన్న పాత సలహా ఇప్పుడు అంతగా వర్తించదు. ఫర్మ్‌వేర్ అమరికలు మార్చే ముందు మాత్రం డిస్కుకు బిట్‌లాకర్ రక్షణ ఉందేమో చూసి, 48 అంకెల పునరుద్ధరణ సంకేతాన్ని కాగితం మీద రాసుకోవాలి. అమరికలు మారితే విండోస్ ఆ సంకేతాన్ని అడుగుతుంది. అది లేకపోతే డిస్కులోని సమాచారం యజమానికి కూడా అందదు.

లినక్స్ ‘లైవ్’ ఇమేజ్‌లకు ఒక విశేష గుణం ఉంది. అవి డిస్కును తాకకుండా పెన్‌డ్రైవ్ నుండే పూర్తి వ్యవస్థను నడుపుతాయి. వైఫై పనిచేస్తున్నదా, ప్రింటరును గుర్తిస్తున్నదా, తెలుగు వత్తులు, గుణింతాలు సరిగా కనిపిస్తున్నాయా అని స్థాపనకు ముందే పరీక్షించవచ్చు. డెబియన్ 12 నుండి అధికారిక ఇమేజ్‌లలో వైఫై పరికరాలకు కావలసిన ఫర్మ్‌వేర్ కూడా చేరడంతో ఈ పరీక్ష సులభమైంది.

మరొక ప్రయోజనం ఇంకా ముఖ్యమైనది. విండోస్ తెరుచుకోని యంత్రంలో కూడా, డిస్కు భౌతికంగా బాగుండి, బిట్‌లాకర్ అడ్డు లేకపోతే, లైవ్ వ్యవస్థ ద్వారా ఫైళ్లను తెరిచి బయటి డిస్కులోకి కాపీ చేసుకోవచ్చు. ‘విండోస్ పోయింది’ అనడం, ‘ఫైళ్లు పోయాయి’ అనడం ఒకటి కాదు. ఈ తేడా తెలియక, కాపాడగలిగిన సామగ్రిని కూడా ఫార్మాట్‌కు అప్పగించే ప్రమాదం ఉంది.

8. డిస్కును తుడిచే ముందు: తెలుగు ఫైళ్ల రక్షణ

డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ ఫోల్డర్లు మామూలుగా సీ డ్రైవ్‌లోనివే. ‘సీ డ్రైవ్ మాత్రమే ఫార్మాట్ చేయండి’ అని చెప్పినప్పుడు అవి కూడా పోతాయి. కనుక ఫైళ్లను కనీసం రెండు చోట్ల భద్రపరచాలి. వాటిలో ఒకటి ఆ యంత్రానికి వెలుపల, వేరొక స్థలంలో ఉండాలి. కాపీ చేసిన తరువాత మరో యంత్రంలో కొన్ని ఫైళ్లను తెరిచి చూడాలి. తెరిచి చూడని ప్రతిని రక్షణగా లెక్కించరాదు.

తెలుగు ఫైళ్ల విషయంలో ఇంతటితో సరిపోదు. అను, శ్రీలిపి వంటి పాత డీటీపీ ఫాంట్లలో తెలుగు అక్షరాలకు సొంత సంకేతాలు లేవు. ఆంగ్ల అక్షరాలకు కేటాయించిన స్థానాలలో తెలుగు అక్షర ఖండాల బొమ్మలను ఉంచి ఆ ఫాంట్లను రూపొందించారు. ఫైలులో నిజానికి ఉండేది ఆంగ్ల సంకేతాలే. వాటిని తెలుగుగా చూపేది ఫాంటు మాత్రమే. కొత్త వ్యవస్థలో ఆ ఫాంటు లేకపోతే అధ్యాయమంతా అర్థం లేని ఆంగ్ల అక్షరాల గుంపుగా కనిపిస్తుంది. ఫైలు సురక్షితంగానే ఉంటుంది, పాఠం మాత్రం చదవడానికి రాదు.

యూనికోడ్ ఈ పరిస్థితిని మార్చింది. 1991లో వెలువడిన మొదటి కూర్పు నుండే తెలుగుకు 128 స్థానాల ప్రత్యేక విభాగం ఉంది. యూనికోడ్ పాఠం ఫాంటు మారినా తెలుగుగానే నిలుస్తుంది. కాబట్టి స్థాపనకు ముందు ఈ క్రింది పనులు చేయాలి.

- ఏ ఫైలు ఏ ఫాంటులో ఉందో జాబితా రాసుకోవాలి.
- ఫాంటు ఫైళ్లను, కీబోర్డు సాఫ్ట్‌వేర్ స్థాపక ఫైలును, దాని లైసెన్సు వివరాలను విడిగా భద్రపరచాలి.
- పాత ఫాంటులోని ప్రతి ఫైలును, ఫాంట్లు లోపలే ఇమిడి ఉండేట్లు పీడీఎఫ్‌గా మార్చాలి. తరువాత పాఠాన్ని పోల్చుకోవడానికి ఇదే ప్రమాణ ప్రతి.
- పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చి, పీడీఎఫ్‌తో పక్కపక్కన ఉంచి సరిచూడాలి. సంయుక్తాక్షరాలు, వత్తులు, పాత పాఠాలలోని అరసున్న, బండి ఱ వంటి అక్షరాలు ఈ మార్పిడిలో దెబ్బతినే అవకాశం ఎక్కువ.
- క్షేత్ర ధ్వనిముద్రణలను, వాటి తేదీ, స్థలం, వ్యవహర్త వివరాల పట్టికతో కలిపి భద్రపరచాలి. వివరాలు లేని ధ్వనిముద్రణకు పరిశోధనలో విలువ తగ్గుతుంది.

9. స్థాపన, ఆపై తెలుగు అమరిక

స్థాపక ప్రోగ్రాం అడిగే ప్రశ్నలలో తిరిగి సరిదిద్దుకోలేనిది డిస్కు విభజనకు సంబంధించినది ఒక్కటే. ‘డిస్కు మొత్తం తుడిచివేయి’ అన్న ఎంపిక సీ, డీ తేడా లేకుండా అన్ని విభాగాలనూ తొలగిస్తుంది. డీ డ్రైవ్‌ను నిలుపుకోదలచినవారు స్వయంగా విభజించే ఎంపికను తీసుకొని, విభాగాల పరిమాణాన్ని బట్టి వాటిని గుర్తుపట్టాలి. భాష, కాలమానం, పేరు వంటి తక్కిన ప్రశ్నలకు ఇచ్చిన సమాధానాలను తరువాత కూడా మార్చుకోవచ్చు.

ఇంటెల్ 11వ తరం, ఆ తరువాతి లాప్‌టాప్‌లలో విండోస్ స్థాపకానికి డిస్కే కనిపించకపోవడం కద్దు. డిస్కు చెడిపోయిందని దీని అర్థం కాదు. వీఎండీ అనే ఏర్పాటుకు తగిన డ్రైవరు స్థాపకంలో లేకపోవడమే కారణం. తయారీదారు వెబ్‌సైటు నుండి ఆ డ్రైవరును ముందే తెచ్చి అదే పెన్‌డ్రైవ్‌లో ఉంచుకుంటే సరిపోతుంది.

స్థాపన తరువాత తెలుగు అమరిక చేసుకోవాలి. విండోస్‌లో భాషల పట్టిక నుండి తెలుగును చేర్చితే ఇన్‌స్క్రిప్ట్‌తో పాటు ధ్వన్యనుసారి కీబోర్డు కూడా లభిస్తుంది. ఈ రెండవది 2019 మే నవీకరణ నుండి విండోస్ 10లో చేరింది. లినక్స్‌లో ‘ఐబస్’ ద్వారా ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్ పద్ధతులను చేర్చుకోవచ్చు. లోహిత్, పోతన ఫాంట్లను స్థాపించి, సంయుక్తాక్షరాలు ఎక్కువగా ఉన్న ఒక పద్యాన్ని టైపు చేసి, అచ్చు తీసి చూస్తే అమరిక సరిగా ఉన్నదీ లేనిదీ తేలుతుంది.

10. ముగింపు

బూటబుల్ పెన్‌డ్రైవ్ రాయడానికి అరగంట సరిపోతుంది. దానికి ముందు చేసే సన్నాహానికి కొన్ని రోజులు పట్టవచ్చు. పరిశోధన సామగ్రి భద్రత ఆ సన్నాహం మీదనే ఆధారపడి ఉంది. ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

- ఫర్మ్‌వేర్ వెతికే చోట, అది గుర్తించే రూపంలో ప్రారంభ సమాచారం ఉన్నప్పుడే పెన్‌డ్రైవ్ బూటబుల్ అవుతుంది. ఐఎస్ఓను కేవలం కాపీ చేయడం వల్ల ఆ ప్రయోజనం నెరవేరదు.
- హ్యాష్ విలువ సరిపోయినప్పుడు చేతులు మారిన ఇమేజ్‌ను కూడా విశ్వసించవచ్చు. అంతర్జాలం పరిమితంగా ఉన్నచోట ఇది ఖర్చును, కాలాన్ని ఆదా చేస్తుంది.
- లైవ్ పెన్‌డ్రైవ్ స్థాపనకే కాక, తెరుచుకోని యంత్రం నుండి ఫైళ్లను వెలికితీయడానికి కూడా సాధనం.
- యూనికోడేతర ఫాంట్లలోని తెలుగు పాఠాలను కాపీ చేయడంతో రక్షణ పూర్తికాదు. ఫాంటును, పీడీఎఫ్‌ను, సరిచూసిన యూనికోడ్ ప్రతిని కలిపి ఉంచినప్పుడే ఆ పాఠం నిలుస్తుంది.
- ప్రతి కళాశాల ప్రయోగశాలలోనో గ్రంథాలయంలోనో సరిచూసిన ఇమేజ్‌లతో ఒక పెన్‌డ్రైవ్‌ను, వాటి హ్యాష్ విలువలు, సరిచూసిన తేదీ రాసిన పత్రాన్ని ఉంచవచ్చు. కొత్త విడుదల వచ్చినప్పుడల్లా దానిని నవీకరించాలి. ఒకరు దించుకున్న ఇమేజ్ ఆ విధంగా విభాగంలోని అందరికీ ఉపయోగపడుతుంది.